అక్క అప్పగించిన లెక్క

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆర్కెస్ట్రాలో వెనక వరసలో నిలబడి ముప్ఫై ఏళ్ళుగా తాళాలు, డ్రమ్ములు వాయిస్తున్నాను. నా నోటికి జడిసి ముందు వరస వయొలిన్ల వాళ్ళు కూడా నా స్టాండు జోలికి రారు. అలాంటిదాన్ని, రెండేళ్ళపాటు ఒకే ఒక్క మాట నోరు తెరిచి చెప్పలేక చచ్చాను.

చూసేవాళ్ళకి వాయించడమే మా పని అనిపిస్తుంది. కానే కాదు. మా అసలు పని ఊరుకోవడం. గంటన్నర కచేరీలో డ్రమ్ము మోగేది మహా అయితే ఆరు నిమిషాలు. మిగతా సేపంతా లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. నాలుగు దెబ్బలు ఒక బార్. కాగితం మీద నూట పన్నెండు అని అంకె వేసి ఉందంటే, నూట పన్నెండు బార్లు కదలకుండా ఉండి ఆ తర్వాతి దెబ్బకి చెయ్యెత్తాలి. "ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు" అని లోపల్లోపలే గొణుక్కోవాలి. ఒక్కటి తప్పామా, అందరూ ఊపిరి బిగబట్టిన చోట మన డ్రమ్ము ధన్ మంటుంది. అప్పుడు నేల చీలి మనల్ని మింగేస్తే బాగుండు అనిపిస్తుంది.

మా ఇద్దరిలో ఆ లెక్క అక్కది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పెద్ద డ్రమ్ము తనది, ఇత్తడి తాళాలు నావి. ఇరవై ఎనిమిదేళ్ళు పక్కపక్కనే నిలబడ్డాం. తను లెక్కపెట్టేది. నేను ఎవరి చొక్కాకి ఇస్త్రీ లేదో, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో చూసుకుంటూ నిలబడేదాన్ని. నా వంతు వచ్చే ముందు మోచేత్తో పొడిచేది, వాయించేదాన్ని. "పని ఇద్దరిదీ, బుర్ర ఒక్కరిదీ" అని అందరి ముందూ ఏడిపించేది. నిజమే మరి, ఏమంటాను?

రెండేళ్ళ కిందట ఒక కచేరీలో, సరిగ్గా అలాంటి నూట పన్నెండు బార్ల మధ్యలో, నా తాళానికున్న తోలు పట్టీ ముడి ఊడిపోయింది. నాకు ముడులు వెయ్యడం చాతకాదు. అక్క తల కొట్టుకుని, తాళం అందుకుని వంగింది. వంగే ముందు "లెక్క నువ్వు పట్టుకో" అంది. వెనక వరస వాళ్ళలో అదొక పద్ధతి. చేతికి పని తగిలితే పక్కవాళ్ళకి లెక్క అప్పగిస్తాం, పని కాగానే "ఎంత?" అని అడిగి తిరిగి తీసుకుంటాం. అప్పగించుకున్న లెక్కని ఎవరూ అనుమానించరు. పక్కవాళ్ళని అనుమానిస్తే ఇక ఆ వరసలో బతకలేం.

సరేనన్నాను. నాలుగు బార్లు లెక్కపెట్టానో లేదో, హార్న్ ఊదే బట్టతలాయన నా వైపు తిరిగి, కండక్టర్ మూతి ఎలా సున్నా చుట్టి ఉందో చేసి చూపించాడు. కండక్టరంటే టికెట్లు కొట్టేవాడు కాదు లెండి, పుల్ల పట్టుకుని ఎదురుగా నిలబడి మమ్మల్నందర్నీ నడిపించేవాడు. క్షణం అటూ ఇటూ అయితే ఒప్పుకోడని ఆయనకి మేం పెట్టిన పేరు గడియారం. నాకు నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కుని, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటున్నాను. ఈలోగా అక్క ముడి బిగించి లేచింది.

"ఎంతే?" అంది చెవిలో.

"ఎనభై ఆరు" అన్నాను.

నోటికొచ్చిన అంకె అది. తెలీదు అని ఉంటే సరిపోయేది. అక్క, గడియారం కళ్ళతో చేసే సైగ కోసం కాచుకుని ఎలాగో గట్టెక్కించేది. కానీ తెలీదు అనడం నాకు పుట్టుకతోనే రాదు. అప్పటికి అయినవి ఎనభై నాలుగు. ఒక్క ఫ్లూట్ మాత్రం సన్నగా, ప్రాణం పోతున్నట్టు ఊదుతున్న చోట, రెండు బార్లు ముందుగా అక్క డ్రమ్ము మోగింది.

కచేరీ అయ్యాక గడియారం అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. "ఏంటి మేడమ్ ఇది? లెక్క మర్చిపోయే స్థితికి వచ్చినవాళ్ళు ఇంట్లో రెస్టు తీసుకుంటే అందరికీ మంచిది కదా?" అక్క నా వైపు ఒకే ఒక్కసారి చూసింది. నేను తల వంచుకుని తాళాలు తుడుస్తున్నాను. మెరిసిపోతున్న తాళాలని ఇంకా ఇంకా తుడుస్తున్నాను. "తప్పు నాదే సార్" అంది అక్క. మర్నాడు ఉద్యోగం మానేసింది. ఏడు వారాలకి మెదడులో నరం చిట్లి నిద్రలోనే పోయింది. ఆ ఏడు వారాల్లో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను తిరిగి అరిచేదాన్ని, గొడవ పడి ఏడ్చి తేల్చుకునేవాళ్ళం. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

పెద్ద డ్రమ్ము నాకిచ్చారు. తీసుకున్నాను. సిగ్గులేదా అంటారా? లేదు.

అప్పట్నుంచి మొదలైంది. ఏ పాటలోనైనా సరే, లెక్క ఎనభై నాలుగు దాకా వస్తే చాలు, ఎడమ చెవి దగ్గర తలనొప్పి బామ్ వాసన వచ్చేది. అక్క రాసుకునే బామ్. వెంటనే "ఎంతే?" అని వినిపించేది. కోపంగా కాదు. మామూలుగా, పని ముగించుకుని లెక్క తిరిగి తీసుకునే మనిషి అడిగినట్టే. లెక్క చెదిరిపోయేది. అయినా నెట్టుకొచ్చాను. మామూలు పాటల్లో వయొలిన్ల వరస ఉంటుంది, గడియారం చూపు ఉంటుంది, ఏదో ఒకటి పట్టుకుని ఒడ్డెక్కేదాన్ని.

అక్కకి ఒక్కతే కూతురు, వయోలా వాయిస్తుంది, వయొలిన్ కంటే కాస్త పెద్దది. నడిస్తే అడుగు చప్పుడు రాదని చిన్నప్పుడే దూది అని పేరు పెట్టాను. తండ్రి ఎప్పుడో పోయాడు, నాకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. అందుకని అక్క పోయాక నా ఇంటికే వచ్చేసింది. మా ఆర్కెస్ట్రాలోనే తాత్కాలికంగా వాయిస్తోంది. పర్మనెంట్ కావాలంటే తెర వెనక నిలబడి వాయించే పరీక్ష ఒకటుంది. ఏళ్ళకొకసారి గానీ పెట్టరు. అది ఈసారి మంగళవారం పడింది. దానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, మా కొత్త కచేరీ.

ఆ కొత్త పాట గురించి చెప్పాలి. పాట అనాలో, నాటకమనాలో, కర్మకాండ అనాలో నాకిప్పటికీ తెలీదు. రాసినావిడ రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందుకని మౌనవ్రతం అని పిలుచుకున్నాం. స్టేజి ఎక్కేముందు నలభై మందిమీ ఒకే గిన్నెలో చేతులు కడుక్కోవాలి. అందరూ బూడిదరంగు బట్టలు వేసుకుని చెప్పుల్లేకుండా రావాలి. ఒక్కొక్కరి స్టాండుకీ ఒక చిన్న దీపం. ఇరవై నిమిషాలు వాయించాక కండక్టర్ పుల్ల నేలమీద పెట్టి వెళ్ళిపోతాడు. మేం వాయిద్యాలు దించి, ఒకరికొకరు వీపులు తిప్పుకుని, గుసగుసగా లెక్క మొదలుపెట్టాలి. అవును, పైకే. మా బతుకంతా లోపల గొణుక్కున్న లెక్కని ఆవిడ పాట చేసి కూర్చోబెట్టింది. నలభై గొంతులు కలిపి "పదకొండు రెండు మూడు నాలుగు" అని గుసగుసలాడుతుంటే, మొదటిసారి విన్నరోజు నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

అప్పుడు మొహం నిండా ముసుగు వేసుకున్న ఒక మనిషి వస్తుంది. ఎవరి భుజం తాకితే వాళ్ళు దీపం ఆర్పి ఆగిపోవాలి. డెబ్భై ఆరుకల్లా అందరూ ఆగిపోతారు, డ్రమ్ము దగ్గర మనిషి తప్ప. ఆ మిగిలిన ఒక్కరూ చీకట్లో, పెదవి కదపకుండా, మనసులో నూట నలభై నాలుగు దాకా లెక్కపెట్టి ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బతోనే పై బాల్కనీలో ట్రంపెట్లు లేస్తాయి. వాళ్ళ పక్కన గడియారం స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాడు. నా దెబ్బ తప్పితే పాట మొత్తం గంగలో కలిసినట్టే.

ముసుగు మనిషిగా దూదిని ఎంచుకుంది మౌనవ్రతం. చప్పుడు లేని నడక చూసి. ముసుగు వేసుకున్నప్పట్నుంచి డ్రమ్ము మోగేదాకా ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదని ఆంక్ష పెట్టింది. డ్రమ్ము దగ్గర ఆఖరి మనిషిని నేనే అని వేరే చెప్పాలా?

మొదటి రిహార్సల్లో నూట ముప్ఫై ఆరుకే కొట్టాను. రెండోదాంట్లో నూట యాభై ఒకటికి. మూడోసారి కొట్టనే లేదు, డ్రమ్ము పుల్ల ఎత్తి అలాగే నిలబడిపోయాను. పట్టుకోవడానికి వయొలిన్లు లేవు, చూపు లేదు, వెలుతురు లేదు. ఎనభై నాలుగు వచ్చేది, బామ్ వాసన వచ్చేది, "ఎంతే?" అని వచ్చేది. ఆ తర్వాత ఏ అంకె దగ్గర ఉన్నానో దేవుడికే తెలియాలి.

"చేతికి వాచీ పెట్టుకోనివ్వండి" అన్నాడు బట్టతలాయన జాలిపడి.

"వాచీ చూసి కొట్టే దెబ్బ నాకొద్దు" అంది మౌనవ్రతం. ఆ రోజు కోటా అయిపోయినట్టుంది, ఇంకేం మాట్లాడలేదు.

గడియారం మాత్రం మాట్లాడాడు. "మీ అక్కగారి సంగతి గుర్తుందిగా మేడమ్? ఇంకోసారి తప్పితే డ్రమ్ము వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది." తాళం తీసి ఆ నెత్తి మీద మోగిద్దామన్నంత కోపం వచ్చింది. కానీ దూది మొహం చూసి ఆగిపోయాను. ముసుగు చేతిలో పట్టుకుని, పాలిపోయి నిలబడి ఉంది.

ఇంటికెళ్ళాక వంటగదిలో నా ఎదురుగా కూర్చుంది. గ్లాసులో నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. రోగికి ఇచ్చినట్టు.

"పిన్నీ, ఒకటడుగుతాను, కోప్పడకు. నీకు తల తిరుగుతోందా? మరుపు ఎక్కువైందా?"

"నాకేం రోగం? దుక్కలా ఉన్నాను."

"అమ్మ కూడా అలాగే అంది. ఆ రోజు లెక్క తప్పినప్పుడే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళి ఉంటే బతికేది. పోయాక డాక్టరు అడిగాడు, ముందు ఏమైనా లక్షణాలు కనపడ్డాయా అని. లెక్క తప్పిందండీ, ఎప్పుడూ తప్పని మనిషి అన్నాను. అయ్యుండొచ్చు అన్నాడు. నేను పట్టించుకోలేదు పిన్నీ. అలిసిపోయిందిలే అనుకున్నాను. నేనే పోగొట్టుకున్నాను అమ్మని." "ఇప్పుడు నీకూ అలాగే తప్పుతోంది. ఇది మన రక్తంలోనే ఉంది. రేపో ఎల్లుండో నాకూ వస్తుంది. నేను మంగళవారం పరీక్షకి వెళ్ళడం లేదు. ఆ టైముకి మనిద్దరికీ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను."

అప్పుడు చెప్పాలి. మనిషన్నవాళ్ళెవరైనా అప్పుడు చెబుతారు. మాట గొంతు దాకా వచ్చింది కూడా. చెబితే ఇది నా మొహం చూడదు, ఈ ఇంట్లో నేనూ గోడలూ మిగులుతాం అన్న భయం పట్టుకుంది. దానితోపాటు కోపం వచ్చింది.

"నోర్ముయ్! డాక్టరూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మీ అమ్మ పోయిందని నువ్వు కూడా బతకడం మానేస్తావా?" అని అరిచాను. గ్లాసు తోసేశాను. నీళ్ళు బల్లంతా పారాయి. దూది గుడ్డ తెచ్చి తుడిచి, దీపం ఆర్పి వెళ్ళి పడుకుంది. అరవడం ఎంత తేలికో చూడండి. చెప్పాల్సింది తప్ప అన్నీ వస్తాయి నోటికి.

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. గిన్నెలో చేతులు కడుక్కుంటుంటే బట్టతలాయన నా మొహం చూసి, ఏదో జోకు వెయ్యబోయి మానేశాడు. ముసుగు వేసుకుని దూది తెర పక్కన నిలబడి ఉంది. దాని కళ్ళు కనపడవు, నోరు కనపడదు. అక్క ఎత్తే, అక్క భుజాలే.

ఇరవై నిమిషాల వాయింపు అయింది. పుల్ల నేల మీద పెట్టి గడియారం వెళ్ళిపోయాడు. లెక్క మొదలైంది. నలభై గొంతులు, తర్వాత ముప్ఫై, తర్వాత పన్నెండు. ఒక్కొక్క దీపమూ ఆరుతోంది. డెబ్భై ఆరు. నా దీపం కూడా ఆర్పేశాను. వెయ్యి మంది కూర్చున్న హాల్లో ఒక దగ్గు కూడా లేదు. ముసుగు మనిషి స్టేజి చుట్టూ తిరుగుతూ ఉంది, ఎక్కడుందో తెలియడం లేదు.

ఎనభై. ఎనభై ఒకటి. దవడలు బిగించాను. ఎనభై రెండు. ఈసారి రానివ్వను అనుకున్నాను. ఎనభై మూడు. ఎనభై నాలుగు.

బామ్ వాసన వచ్చింది.

"ఎంతే?"

ఇదివరకెప్పుడూ అంత దగ్గరగా అడగలేదు. చెవి తమ్మెకి వెచ్చగా ఊపిరి తగిలింది. తల తిప్పాను. రెండడుగుల దూరంలో ముసుగు నిలబడి ఉంది, దాని చెయ్యి డ్రమ్ము అంచు మీద ఉంది. అక్క డ్రమ్ము దగ్గరకి అక్కే వచ్చినట్టు ఉంది. అది దూదేనని నాకు తెలుసు. తెలిసినా, నా ఒళ్ళంతా అక్కకే జవాబు చెప్పింది.

"తెలీదక్కా" అన్నాను.

పైకే అన్నాను. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఆఖరి వరస దాకా వెళ్ళింది.

"తెలీదక్కా. ఆ రోజూ తెలీదు. నువ్వు వంగి నా పట్టీ కడుతుంటే నేను పళ్ళికిలిస్తూ నిలబడ్డాను. ఎనభై ఆరని నోటికొచ్చింది చెప్పాను. నీ లెక్క తప్పలేదు. నీ బుర్రకి ఏ జబ్బూ లేదు ఆ రోజు. నేను తప్పు చెప్పాను, నువ్వు నన్ను నమ్మావు. అంతే జరిగింది. అందరూ నిన్ను అంటుంటే నేను తాళాలు తుడుచుకున్నాను."

ముసుగు కదల్లేదు. హాల్లో ఎక్కడో ఎవరో వెక్కారు. ఇదంతా నాటకంలో భాగమే అనుకున్నారు పాపం, తర్వాత తెలిసింది. నా చేతిలో పుల్ల ఉంది, లెక్క లేదు. ఎంతసేపు మాట్లాడానో తెలీదు. పై బాల్కనీలో వాళ్ళు ట్రంపెట్లు నోటికి ఎత్తిపెట్టుకుని ఉంటారు. ఇక అయిపోయింది, పోతే పోయింది అనుకున్నాను.

"తొంభై ఏడు" అంది ముసుగు.

దూది గొంతు. అందులో తడి లేదు, దయ లేదు. నేను చెప్పింది వింటూ కూడా అది లెక్క వదల్లేదు. దానికి లెక్కపెట్టాల్సిన పనే లేదు ఆ పాటలో, అయినా మొదట్నుంచీ ముసుగు కింద పెడుతూనే ఉంది.

"తొంభై ఎనిమిది రెండు మూడు నాలుగు" అని అందుకున్నాను. ఈసారి లెక్క నేనే మోశాను, చెమటలు కారుతుంటే, ఒక్కొక్క దెబ్బా పంటి కింద పెట్టుకుని. చెవి దగ్గర ఎవరూ లేరు. నూట నలభై నాలుగు. ఆ తర్వాతి దెబ్బకి కొట్టాను. నా డ్రమ్మూ, బాల్కనీ ట్రంపెట్లూ ఒక్క గొంతుతో మోగాయి. దీపాలన్నీ వెలిగాయి.

చప్పట్లు ఆగాక గడియారం వెనక గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన ఏదో అనేలోపు నేనే అందరి ముందూ మళ్ళీ చెప్పాను, ఏ తారీఖు, ఏ పాట, ఎన్ని బార్లు, అన్నీ. బట్టతలాయన గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. గడియారం తల దించుకున్నాడు. నేనెవర్నీ పట్టించుకోలేదు, దూది కోసం వెతుక్కున్నాను.

వాయిద్యాల గదిలో ఒక్కతే ఉంది. ముసుగు తీసి, నాలుగు మడతలు పెట్టి, బెంచీ మీద పెట్టింది. వయోలా పెట్టె మూత వేస్తోంది.

"దూదీ" అన్నాను. "మంగళవారం వెళ్తావు కదా?" అని అడిగాను.

"వెళ్తాను. నువ్వు మాత్రం ఆ ఛాయలకి రాకు."

"రాను."

"బట్టలకి రేపు వస్తాను. నువ్వు లేని టైములో వస్తాను." పెట్టె భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"రోజూ పొద్దున్నే బాత్రూములో అద్దం ముందు నిలబడి వంద దాకా లెక్కపెట్టుకునేదాన్ని పిన్నీ. ఎక్కడ తప్పుతానో, నాకెప్పుడు మొదలవుతుందో అని. రెండేళ్ళు. ఒక్కరోజు కూడా మానలేదు."

వెళ్ళిపోయింది. అడుగు చప్పుడు కూడా వినపడలేదు నాకు.

ఆ రెండేళ్ళూ పొద్దున్నే కాఫీ కలుపుతుంటే బాత్రూము తలుపు వెనక నుంచి సన్నగా గొణుగుడు వినిపించేది. పిల్ల కోలుకుంటోంది, పాడుకుంటోంది అని సంతోషపడేదాన్ని.